చుట్టకు దీర్ఘం

ఇసుకలపేట ఉన్నత పాఠశాలకు ఆ సర్క్యులరు చుట్ట చుట్టుకుని వచ్చింది. సర్క్యులరు అన్నాక చుట్టూ తిరగాలి గనక, పై ఆఫీసు నుంచి కింది ఆఫీసుకీ, కింది ఆఫీసు నుంచి పక్క ఆఫీసుకీ తిరిగి తిరిగి, నడుముకి రబ్బరు బ్యాండు బిగించుకుని, హెడ్మాస్టరు పేడాడ గౌరీపతి గారి బల్ల మీద దొర్లింది. ఆయన విప్పారు. అది మళ్లీ చుట్టుకుపోయింది. ఆ కొసన పేపర్‌వెయిటూ, ఈ కొసన టీగ్లాసూ పెట్టి, మొత్తానికి దాని నోరు తెరిపించి చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, పొగాకు నివారణ వారోత్సవముల సందర్భముగా పాఠశాలకు వంద గజముల లోపు చుట్టాలు ఉండరాదు. చుట్టాలు ఆరోగ్యమునకు హానికరమని విద్యార్థులకు బోధించవలెను. చుట్టాలను సమూలముగా నిర్మూలించెదమని ప్రతిజ్ఞ చేయించవలెను. అమలు నివేదిక వెనువెంటనే పంపవలెను."

చదివి, సైన్సు మాస్టారు గొర్లె వైకుంఠరావుని పిలిపించారు. వైకుంఠరావు పేరులో వైకుంఠం ఉంది గాని, ఎవర్నీ వేళకి ముందే అక్కడికి పంపడం ఇష్టంలేని మనిషి. అందుకే ఏటా ఊపిరితిత్తుల పాఠం వచ్చినప్పుడల్లా పొగాకు గురించి ఓ గంట ఎక్కువే చెబుతాడు. ఈ ఏడు ఆ గంట ఒకచోట గట్టిగా మోగింది. పాఠం అయ్యాక ఏడో తరగతి పిల్ల లిఖిత వెనకే వచ్చి, "మాస్టారూ, మా మామ్మకి నోట్లో తెల్లగా ఉన్నాదండి. కారం తింటే మండిపోతాదంట. సూస్తారా ఓపాలి?" అని అడిగింది.

లిఖిత నాయనమ్మ పారమ్మది ఎండుచేపల వ్యాపారం. చేతులు రెండూ తట్ట మీద ఉండాలి, చుట్ట నోట్లో ఉండాలి, సముద్రం గాలికి అది ఆరకూడదు, బూడిద చేపల మీద రాలకూడదు. వీటన్నిటికీ కలిపి ఆ తీరంలో ఆడవాళ్లు ఎప్పుడో కనిపెట్టిన ఉపాయం అడ్డపొగ. అంటే నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని కాల్చడం. అంగట్లో కొన్నదాన్ని పారమ్మ అలా అంగిట్లో పెట్టుకుని నలభయ్యేళ్లయింది. వైకుంఠరావు టార్చిలైటు వేసి చూస్తే అంగిలి మీద తెల్లటి మచ్చ, మచ్చ నడుమ ఎర్రటి చుక్క. టీచరు చూసి చెప్పేది కాదది, డాక్టరు చూసి తీరవలసింది.

"పట్నం ఆస్పత్రికి నానెల్ను బాబూ," అని పారమ్మ తేల్చేసింది. "ఎల్లినోలంతా రోగం సీటీ అట్టుకుని వొస్తారు, నేపోతే రానేరారు. మా గుంట సదివే బడికైతే వొస్తాను. గుంట నా సెయ్యట్టుకుంటే నోరు తెరుస్తాను."

అందుకని వైకుంఠరావు బతిమాలి బామాలి, వారోత్సవం ఆఖరి రోజు శనివారం నాడు పట్నం నుంచి పళ్ల డాక్టరు సుకన్యని బడికే రప్పించే ఏర్పాటు చేశాడు. ఊళ్లో అడ్డపొగ పీల్చేవాళ్లందరికీ బడి వరండాలో నోటి పరీక్ష. ఇంతలో నోటి పరీక్ష కంటే ముందు ఈ నోటీసు వచ్చింది.

వైకుంఠరావు చదివి నవ్వాడు. "హెడ్మాస్టారూ, ఇది అచ్చుతప్పండి. చుట్టలు అనాల్సిన చోట చుట్టాలు అని పడింది. అకారం బదులు ఆకారం. అచ్చంగా అచ్చుతప్పు."

గౌరీపతి గారు నవ్వలేదు. ఆయనకి వచ్చే ఏప్రిల్‌లో రిటైర్మెంటు. అప్పటిదాకా నవ్వకూడదని నియమం పెట్టుకున్నారు. "వైకుంఠరావు గారూ, పై ఆఫీసు అచ్చేసింది తప్పెలా అవుతుందండీ? తప్పయితే అచ్చెందుకేస్తారు? దీర్ఘం పెట్టారంటే దీర్ఘంగా ఆలోచించే పెట్టుంటారు."

"పోనీ ఫోన్ చేసి అడగండి."

గౌరీపతి గారు వారోత్సవ ప్రత్యేకాధికారి కంచరాన పురుషోత్తం గారికి ఫోన్ చేశారు. వైకుంఠరావుకి కూడా వినపడేంత ఘనంగా జవాబు వచ్చింది.

"ఉత్తర్వులోని పదములపై వ్యాఖ్యానించు అధికారము క్షేత్రస్థాయి సిబ్బందికి లేదు. ఉత్తర్వు యథాతథము. అమలు యథావిధి. సందేహములేవైనా ఉన్నచో లిఖితపూర్వకముగా పంపుడు."

"లిఖిత... పూర్వకంగా," అని గౌరీపతి గారు ఫోను ముందు లేచి నిలబడి రాసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే బడి ప్రహరీ మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిశాయి. "చుట్టాలు ఆరోగ్యానికి హానికరం." ఆ దీర్ఘాన్ని పెయింటరు ప్రత్యేకంగా ఎర్రరంగుతో దిద్దాడు. బడి చుట్టూ వంద గజాల దూరంలో సున్నంతో గీత గీశారు. గీత లోపల చదువు, గీత బయట బంధువు.

మర్నాడు ఏడో తరగతిలో పాఠం. గౌరీపతి గారు కిటికీ బయట నిలబడి వింటుంటే, వైకుంఠరావు ఊపిరి బిగబట్టి అడిగాడు. "చుట్టాల వల్ల కలిగే అనారోగ్యాలు చెప్పండి."

పిల్లలకి ఇన్నాళ్లకి తెలిసిన ప్రశ్న వచ్చింది. చేతులన్నీ లేచాయి.

"మా మేనత్త వొస్తే మాయమ్మకి తలనొప్పండి."

"మా పెదమావ వొస్తే మా నాన్నకి గుండెదడండి. మాయమ్మకి ఏటీ అవదండి. ఆలన్నయ్య కదండీ."

"మాకు సుట్టాలెవులూ రారండి. పక్కింటోలకి వొస్తే మాకు రేతిరి నిద్దరుండదండి."

"అంటే మనం కాల్చకపోయినా పక్కవాళ్లు..." అని వైకుంఠరావు అలవాటు కొద్దీ మొదలెట్టి నాలిక కరుచుకునేలోగా, కిటికీలోంచి గౌరీపతి గారు తల లోపలికి పెట్టారు. "పరోక్ష చుట్టరికం. చాలా బావుంది. నివేదికలో రాయండి."

వైకుంఠరావుకి అప్పుడొక దారి కనిపించింది. దొడ్డిదారి అన్నా ఫరవాలేదు, దారి దారే. "మరైతే వినండి. చుట్టాలన్నిటిలోకీ పొగ అనే చుట్టం మహా చెడ్డది. చుట్టపుచూపుగా ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. వస్తూ వస్తూ నికోటిన్ అనే మేనల్లుణ్ని వెంటబెట్టుకొస్తుంది. ఆ మేనల్లుడు మెదడు మంచమెక్కి కూర్చుని, ఇంకోటి ముట్టించు, ఇంకోటి ముట్టించు అని పోరుతుంటాడు. ఈలోగా పొగ గోడలకి తారు పూసేస్తుంది. దగ్గర చుట్టం అంటే ఏమిటనుకున్నారు? దగ్గు తెచ్చే చుట్టం. ఇక అది ఇల్లు ఖాళీ చెయ్యదు. చివరికి ఇంటివాడే ఖాళీ చెయ్యాలి."

క్లాసు నవ్వింది. లిఖిత నవ్వలేదు. "ఆ సుట్టం అంగిట్లో కూడా దిగుతాదాండి?"

"దిగుతుందమ్మా. తొందరగా చూసి గెంటేస్తే పోతుంది కూడాను," అన్నాడు వైకుంఠరావు. "శనివారం డాక్టరమ్మ వచ్చేది అందుకే."

"బావుంది, బావుంది," అన్నారు గౌరీపతి గారు కిటికీలోంచి. "నికోటిన్ ఏ వరస చుట్టమో మాత్రం పై ఆఫీసుని అడుగుదాం."

ప్రతిజ్ఞ కూడా ఘనంగా జరిగింది. "చుట్టాలను ముట్టను, ముట్టించను, ముట్టుకున్నవారిని ముట్టడిస్తాను" అని బడి మొత్తం చెయ్యి చాపి పలికింది.

అక్కణ్నుంచి అమలు ఊపందుకుంది. మధ్యాహ్నభోజనం వండే ఆమె ఎనిమిదో తరగతి పిల్లాడికి పిన్ని అని తేలడంతో ఆమెనీ, ఆమె పొయ్యినీ గీత బయటికి పంపారు. కూడు వచ్చేసరికి చల్లారేది, సాంబారు వచ్చేసరికి సగమయ్యేది. లెక్కల మాస్టారు స్వయానా హెడ్మాస్టరు గారి బావమరిది. ఆయన గీత అవతల ముక్కాలిపీట వేసుకుని మైకులో చక్రవడ్డీ చెప్పసాగాడు. తోడబుట్టినవాళ్లు ఒకే బడిలో ఉంటే చుట్టరికమా కాదా అన్న సందేహం రాగా, పై ఆఫీసు నుంచి వివరణ వచ్చేవరకు అన్నదమ్ములు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకూడదని గౌరీపతి గారు మధ్యంతర ఉత్తర్వు వేశారు. వాళ్లలో కొందరికి అది ముందునుంచీ అలవాటే.

ఈ గందరగోళంలో బాగుపడ్డవాడు అసిరయ్య ఒక్కడే. సంతపక్కన చుట్టలూ బీడీలూ అమ్ముకునే అసిరయ్య, తన బడ్డీని చక్రాల మీద తోసుకొచ్చి సరిగ్గా బడి గుమ్మంలో పెట్టాడు. వైకుంఠరావు పరిగెత్తుకుంటూ వెళ్లాడు.

"ఏం అసిరయ్యా, గీత కనపడలేదా?"

"కనపడ్డాది బాబూ. సుట్టాలే గదా ఉండకూడదు. నాను సుట్టలోణ్ని. నాకు పెల్లినేదు, పిల్లల్నేరు, అమ్మా నాన్నా ఎప్పుడో పోయినారు. ఈ ఊర్లో ఎవులికీ నాను సుట్టాన్ని కాను. ఈ గుమ్మంలో నిలబడే అరుత నాకొక్కడికే ఉన్నాది."

గౌరీపతి గారిని పిలిస్తే, ఆయన ఉత్తర్వు రెండుసార్లు చదివి అసిరయ్యతో చేయి కలిపి వెళ్లిపోయారు. సాయంత్రానికి బడ్డీ మీద బోర్డు లేచింది. "ఇచ్చట చుట్టాలు లేరు."

గురువారం నాడు వైకుంఠరావు పారమ్మ గుడిసెకి వెళ్లేసరికి ఆమె గడపలో కూర్చుని ఉంది. నోట్లో చుట్ట ఉంది గనక మాట కొంచెం పొగగా వచ్చింది.

"బడి గోడ మీద నా గురించి రాసీసినారట గదా బాబూ."

"నీ గురించి కాదు పారమ్మా. నీ చుట్ట గురించి."

ఆమె చుట్ట తీసి, ఆలోచించి, మాట్లాడింది. "మరి సుట్టనెవులూ ఆపనేదు. సుట్టల బడ్డీ గుమ్మంలోనే ఉన్నాది. నన్నే గీత కాడ ఆపీసినారు. గుంటకి బువ్వట్టుకెల్తే, నువ్వు హానికరం ముసలమ్మా ఎల్లిపో అన్నాడు మీ అటెండరు. నాను సెడ్డదాన్నీ, సుట్ట మంచిదీ అని గదా దానరదం?"

"శనివారం రా పారమ్మా. నేను లోపలికి తీసుకెళ్తాను," అన్నాడు.

"గుంట సెయ్యట్టుకోపోతే నోరు తెరవనని ముందే సెప్పినాను. నన్ను ముట్టకూడదని ఆ గుంట సేత మీరే పెతిగ్గె సేయించినారు. ఈ నోరు ఇక మూసినట్టే." మళ్లీ చుట్ట పెట్టుకుంది. నిప్పు లోపలికి వెళ్లిపోయింది.

వైకుంఠరావు ఆ రోజే ప్రత్యేకాధికారికి స్వయంగా ఫోన్ చేశాడు. డాక్టరు వచ్చేది ఊరి పెద్దల కోసమనీ, ఊరి పెద్దలంతా పిల్లలకి చుట్టాలేననీ, వాళ్లని గీత దాటనివ్వకపోతే డాక్టరు గోళ్లు గిల్లుకోవాలనీ చెప్పాడు.

"అట్లయిన గీత వెలుపల పరీక్షించుడు," అన్నారు పురుషోత్తం గారు.

"అలాగేనండి, సంతోషం."

"కుదరదు. పాఠశాల కార్యక్రమము పాఠశాల వెలుపల జరుపరాదని పోయినేటి ఉత్తర్వు."

"మరెలాగండి?"

"అనివార్య పరిస్థితులలో చుట్టాల ప్రవేశము లిఖితపూర్వకముగా మాత్రమే జరుగవలెను."

"అయితే రాసి పంపుతాను. సంతకం పెట్టండి."

"సంతకము ఎవరు చేయవలెనన్నది ఇంకను నిర్ణయింపబడలేదు. శనివారము తనిఖీకి స్వయముగా వచ్చుచున్నాను. అక్షరము తప్పినచో సహించను."

శనివారం వచ్చింది. డాక్టరు సుకన్య వరండాలో కుర్చీ వేయించుకుని, దీపం బిగించుకుని, చేతికి తొడుగు తొడుక్కుని ఖాళీ వరండా చూస్తూ కూర్చుంది. గీత అవతల ఊళ్లోని ముసలమ్మలంతా తట్టలు దించుకుని నిలబడ్డారు. పారమ్మ కూడా వచ్చింది, నోరు తెరవడానికి కాదు, తెరవనని చెప్పడానికి. గీత ఇవతల లిఖిత, తాకకూడదు గనక చేతులు వెనక్కి కట్టుకుని, నాయనమ్మనే చూస్తోంది.

పురుషోత్తం గారు జీపు దిగారు. ముందుగా అసిరయ్య బడ్డీని తనిఖీ చేసి, బోర్డు చదివి సంతృప్తి చెంది, నిబంధనలకు లోబడి ఒక సిగరెట్టు కొని ముట్టించారు. అలా పొగ వదులుతూ పొగాకు నివారణ పరిశీలించుకుంటూ గీత దగ్గరికి వచ్చారు. వెనకాల గౌరీపతి గారు పొగడ్త వదులుతూ వచ్చారు.

"ఈ వృద్ధురాలు ఎవరు?"

"మా మామ్మండి," అంది లిఖిత.

"అనగా చుట్టమే. వెనుకకు." ఆయన పిల్ల వైపు తిరిగారు. "నీ పేరేమి?"

"లిఖితండి."

వైకుంఠరావుకి చెవిలో ఏదో చిటుక్కుమంది. ఏడాదిగా హాజరు పిలుస్తున్న పేరే అది. హాజరు అన్న మాట తప్ప ఇంకేమీ అందులో వినలేదు ఇన్నాళ్లూ.

"సార్," అన్నాడు వినయంగా. "చుట్టాల ప్రవేశం ఎలా జరగాలని తమరు సెలవిచ్చారండీ?"

"లిఖితపూర్వకముగా."

"పూర్వకం అంటే?"

"పూర్వము. ముందుగా." ఆయనకి ఇలాంటి ప్రశ్నలంటే ఇష్టం. "లిఖితము ముందుండవలెను. చుట్టము వెనుక రావలెను."

"అమ్మా లిఖితా," అన్నాడు వైకుంఠరావు. "ముందుండు. మామ్మ చెయ్యి పట్టుకుని తీసుకురా."

లిఖిత గీత దాటి వెళ్లి నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. లిఖిత ముందు, పారమ్మ వెనక. అంతా పురుషోత్తం గారి వైపు చూశారు. గౌరీపతి గారు తన పింఛను ఎటు పోతుందోనని ఆకాశం వైపు చూశారు.

పురుషోత్తం గారు ఉత్తర్వు ప్రతిని జేబులోంచి తీసి చదివారు. లిఖితను చూశారు. లిఖిత వెనకాల ఉన్న చుట్టాన్ని చూశారు. సిగరెట్టు ఆర్పి, గంభీరంగా పక్కకి జరిగారు.

"అక్షరము తప్పినచో ఒప్పుకొనను. ఒప్పినచో తప్పుకొందును. ప్రవేశము సక్రమము." రెండడుగులు వేసి, మళ్లీ ఆగారు. "మిగిలినవారును అదేవిధముగా లిఖితపూర్వకముగనే రావలెను."

అలా ఆ పూటంతా లిఖిత గీతకీ వరండాకీ తిరుగుతూ ఊరి ముసలమ్మలందరినీ ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. ఊరంతా లిఖితపూర్వకంగా నోరు తెరిచింది.

మొదట తెరిచింది పారమ్మ. ఒక చెయ్యి మనవరాలి చేతిలో, ఒక చెయ్యి కుర్చీ మీద. డాక్టరు సుకన్య దీపం దగ్గరికి లాగి చాలాసేపు చూసింది. "ఎప్పట్నుంచి ఉందమ్మా ఈ మచ్చ?"

"మచ్చ నాకేటి తెలుసమ్మా. నా అంగిలి నాకు కనపడదు గదా. ఈ గుంట సూసింది."

"మంచి టైముకి చూసింది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. ఇప్పుడైతే మచ్చగానే పోతుంది. ఇంకో ఏడాది ఊరుకుంటే మాత్రం మచ్చ మచ్చగా ఉండదు, క్యాన్సరై కూర్చుంటుంది. చుట్ట ఇవాళే మానెయ్యాలి."

"డాక్టరుగారూ," అని వెనకనుంచి పురుషోత్తం గారి గొంతు వినిపించింది. "దీర్ఘము. చుట్టా... లు మానవలెను."

డాక్టరు ఆయన వైపు దీపం తిప్పి, నోరు కూడా చూడాలా అన్నట్టు చూసింది. జవాబు పారమ్మే చెప్పింది.

"సుట్ట మానీమంటే మానీస్తాను బాబూ. నిప్పు మింగినదాన్ని, అదో లెక్కేటి. సుట్టాన్ని మాత్రం మానను. ఇదిగో, ఈ సుట్టం సెయ్యట్టుకునే గదా నోరు తెరిచినాను." మొలలోంచి చుట్టల కట్ట తీసి లిఖిత చేతిలో పెట్టింది. లిఖిత దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక హెడ్మాస్టరు గారి వైపు చూసింది. ఉత్తర్వు ప్రకారం చుట్టలకి బడిలో అభ్యంతరం లేదు గనక ఆయన భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేశారు.

తర్వాత జరగవలసినవి జరిగాయి. పారమ్మ ఈసారి పట్నం వెళ్లింది, లిఖితపూర్వకంగానే. ముక్క తీశారు, పరీక్ష చేశారు, మచ్చ ఇంకా మచ్చేనని తేలింది, తీసేశారు. అయితే మానెయ్యడం అనుకున్నంత సులువు కాలేదు. నికోటిన్ మేనల్లుడు చాన్నాళ్లు పోరాడు. పోరినప్పుడల్లా పారమ్మ నోట్లో లవంగం పెట్టుకుని మనవరాల్ని పిలిచి ఎక్కాలు చెప్పించుకునేది. పన్నెండో ఎక్కం దగ్గరికి వచ్చేసరికి మేనల్లుడికి నిద్ర వచ్చేసేది.

ఆ నెలాఖరున పై ఆఫీసు నుంచి సవరణ వచ్చింది, చుట్ట చుట్టుకునే. "ఇదివరలో జారీచేసిన ఉత్తర్వునందు చుట్టాలు అను చోటనెల్ల చుట్టలు అని చదువుకొనవలెను. సదరు సవరణ ఉత్తర్వు తేదీ నుండియే అమలైనట్లు భావించవలెను."

భావించారు. పై ఆఫీసువాళ్లు గౌరీపతి గారు పంపిన నివేదికంతా కొత్త కళ్లతో చదువుకున్నారు. ఇసుకలపేట బడి చుట్టుపక్కల నుంచి చుట్టలను మూకుమ్మడిగా తరిమేసిందనీ, వంట చేస్తున్న ఒక చుట్టను సైతం ఉపేక్షించలేదనీ, లెక్కలు చెబుతున్న చుట్టను కూడా గీత దాటించిందనీ తేలింది. పరోక్ష చుట్టల మీద చేసిన పరిశోధనకి ప్రత్యేక ప్రశంస దక్కింది. జిల్లాలోకెల్లా ఉత్తమ పొగాకు రహిత పాఠశాలగా ఇసుకలపేటని ఎంపిక చేసి, "తమ తమ చుట్టలతో సహా విచ్చేయగోరుతాము" అని సభకి ఆహ్వానం పంపారు. అసిరయ్యకి మాత్రం ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. అతను బడ్డీ సంతపక్కకి తోసుకుపోతూ, "ఒక్క దీరగంతో ఉజ్జోగం ఊడిపోయినాది బాబూ," అని వైకుంఠరావుతో వాపోయాడు.

గోడ మీది ఎర్ర దీర్ఘాన్ని కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది తుడిచేసింది పారమ్మే. తుడిచిన సంగతి గౌరీపతి గారు నివేదించగానే పురుషోత్తం గారి దగ్గర్నుంచి తాఖీదు వచ్చింది.

"ఉత్తర్వు ద్వారా మంజూరైన దీర్ఘము ఒకటి గోడపైనుండి తొలగించబడినట్లు తెలియవచ్చినది. సదరు దీర్ఘము ఎచట జమ చేయబడినదో లిఖితపూర్వకముగా తెలియజేయవలెను."

గౌరీపతి గారికి చెమటలు పట్టాయి. ఇంకా ఏప్రిల్ రాలేదు. వైకుంఠరావు కాగితం తన ముందుకి లాక్కుని, జవాబు తాను చెబుతూ లిఖిత చేత రాయించాడు.

"అయ్యా, సదరు దీర్ఘము వృథా కాలేదు. మా గ్రామ వాస్తవ్యురాలు పారమ్మగారి ఆయువుకు ముందు జమ చేయబడినది."